ఆరో కుర్చీ

హన్మకొండ ప్రెస్ క్లబ్బుల మిట్టమధ్యాహ్నం.
ఆరు ప్లాస్టిక్ కుర్చీలు, ఒక్కటే మైకు.
వెనుక ఫ్లెక్సీ మీద మా పాత ఫోటో:
అందరి పిక్కలకు బురద,
నడుమల సారంగపాణి సారు, మెడల ఈల.
ఫ్లెక్సీ సరిగ్గ గుంజి కట్టలె,
మడత వచ్చి సారు మొహం మీదనే పడ్డది.

ముందుగాల అఫ్జల్ లేసిండు.
అప్పుడు ఎడమ దిక్కు గాలి లెక్క ఉరికేటోడు,
ఇప్పుడు కాజీపేటల టైర్లకు గాలి కొడుతున్నడు.
"వాచిన మోకాలుకు గుడ్డ కట్టి ఆడిపిచ్చిండు" అని
ప్యాంటు పైకి మడిచిండు.
కెమెరాలన్నీ మోకాలు దిక్కు వంగినయి.

లచ్చిరాం కూసునే మాట్లాడిండు.
"నాలుగేండ్లు నన్ను తండా అనే పిలిచిండు.
పాస్ ఇయ్యి తండా, నీళ్లు తే తండా.
నాకొక పేరున్నదని
సర్టిఫికెట్ మీద సంతకం పెట్టేనాడు చూసిండు."

కుమారస్వామి ట్రెజరీ నౌకరి గద,
బత్తా పైసలు ఏ టోర్నమెంటుకు ఎన్ని మింగిండో
చిల్లరతో సహా చదివిండు.

మొగిలి మైకు పట్టుకొని
"అన్నీ నిజమే" అన్నడు.
మైకు నా దిక్కు జరిపిండు.

ఐదో కుర్చీ నాది. నేను గోల్ కీపర్ని.
పదకొండు మందిల
అందరి వీపులు చూసేటోడు నేనొక్కణ్ణే.
ఎవలు అలిసిండ్రు, ఎవలు ఏడుస్తున్నరు,
ఎవల బనీను చినిగింది, నాకే ఎరుక.

జేబుల కాగితం ఉన్నది, నాలుగు ముచ్చట్లు రాసుకున్న.
రాయనిది ఒకటున్నది:
నా ఏలు విరిగిన రాత్రి ఎంజీఎం వరండాల
సారు తెల్లందాక నిలబడే ఉన్నడు,
డాక్టరు కోసం అటూ ఇటూ ఉరికి
ఒక చెప్పు తెగితే రెండోది చేతుల పట్టుకొని.
గది గుడ చెప్పాల్నా?
చెప్తే అఫ్జల్ మోకాలు తక్కువ నొస్తదా?

అప్పుడొక పోరడు, కొత్త విలేకరి,
పెన్ను తలకాయ కొరుక్కుంట అడిగిండు:
"మరి అప్పుడెందుకు మాట్లాడలేదు సార్?"
అందరం చాయ గిలాసల్లకు చూసినం.

ఆరో కుర్చీ సాంబయ్యది. రాలె.
పొద్దుగాల ఫోన్ చేస్తే ఒక్కటే అడిగిండు:
"సారు గురించేనా మీరు చెప్పేది?"

కరీంనగర్ల సెమీఫైనల్. పెనాల్టీ తప్పిండు సాంబయ్య.
వాపసు వస్తాంటే ఎల్కతుర్తి కాడ
బస్సాపి దిగుమన్నడు సారు.
చలికాలం, రాత్రి తొమ్మిది.
బస్సుల నవ్వులు.
మొగిలి సీటు మీద డప్పు కొట్టిండు,
లచ్చిరాం ఈలేసిండు, ఈల లేకుంటనే.
కిటికీల నుంచి వాని బూట్లు ఇసిరేసింది...

మైకుల ఆ మాట అన్న.
"బూట్లు ఇసిరింది నేను."
కుమారస్వామి కాలు నా కాలు తొక్కింది.
కెమెరా మీది ఎర్రలైటు అప్పటికే ఆరింది,
వాళ్లకు ఇంకొక ప్రెస్ మీటుకు యాళ్లయిందట.

తెల్లారి జిల్లా పేజీల నాలుగు మాటలే వచ్చినయి.
కింద సారు జవాబు:
"వాళ్లను మనుషులను చేసిందే నేను."
చదివి అఫ్జల్ ఫోన్లనే ఉమ్మేసిండు.
నాకు మాత్రం, ఏమో,
సారుకు సగం జవాబే ఇచ్చినట్టనిపించింది.

సాయంత్రం సుబేదారి నుంచి వస్తాంటే
గ్రౌండ్ల కొత్త పిల్లలు.
సారు ముసలైండు, తల మీద తువ్వాల.
ఇటు దిక్కు గోల్ల పదిహేడేండ్ల పోరడు,
చేతికి పెద్దయిన గ్లౌజులు.
వానికి అందరి వీపులు కనబడుతున్నయి.
గోడ కాడ బండాపి
"ఏం చూసినవ్ బిడ్డా" అని అడుగుదామనుకున్న.

ఈల మోగింది.
నలభై ఆరేండ్ల నా చేతులు
హ్యాండిల్ ఇడిసిపెట్టి
నన్నడగకుంటనే తెరుచుకున్నయి.